ఆంటీ కట్టిన ఉల్లిపాయలు

మా పక్కింటి ఆంటీ జనవరిలో పోయారు. శనాదివారాలు తల్లి దగ్గర గడపడానికి వచ్చిన కూతురు పొద్దున్నే మా తలుపు కొట్టి, "మమ్ పాస్డ్ అవే" అంది. నిద్రలోనే పోయారట. ఆ అమ్మాయి ఈ దేశంలోనే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. నేను తెలుగులో ఓదార్చబోయి, మాట దొరక్క "సారీ" అన్నాను. తర్వాత ఇద్దరం గుమ్మంలోనే నిలబడి ఏడ్చాం.

ఆంటీది కడప జిల్లా, మైదుకూరు దగ్గర పల్లె. నర్సు చదువు చదివి ఈ దేశం వచ్చి, ఇక్కడ స్విండన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. మాది తెనాలి వైపు. మేం ఈ ఇంట్లో దిగిన రోజు నేను పప్పు తిరగమోత వేస్తుంటే పెరటి కంచె అవతలి నుంచి గొంతు వినిపించింది. "ఏం పాపా, తెలుగోళ్ళేనా? తిరగవాత వాసన రాంగానే అనుకుంటి." ఆ తర్వాత మా మాటలన్నీ ఆ కంచె మీదుగానే నడిచాయి. పిలవాలంటే తవ్వుగోలతో కంచె చెక్క మీద టకటకమని కొట్టేవారు. పేరు పెట్టి పిలిచిన గుర్తు నాకు లేదు.

మా వీధిలో అందరి పెరళ్ళలో పచ్చిక, పిల్లలు ఎగిరే ట్రాంపొలిన్లు ఉంటాయి. ఆంటీ పెరడంతా ఉల్లి. మార్చిలో గార్డెన్ సెంటర్‌కు వెళ్ళి 'సెట్స్' అని అమ్మే బుల్లి ఉల్లిగడ్డలు తెచ్చి, మొన మాత్రం కనిపించేలా మట్టిలో గుచ్చేవారు. పావురాలు వాటిని పీకి పక్కన పడేసేవి. ఆంటీ టీ కప్పుతో వచ్చి, మళ్ళీ గుచ్చి, పాత కిటికీ తెర ఒకటి మీద కప్పి, ఆ పావురాలను అచ్చ కడప యాసలో తిట్టేవారు. వాటికి అర్థమయ్యేదో లేదో గానీ మా ఆయన మాత్రం కిటికీ దగ్గర నిలబడి శ్రద్ధగా వినేవాడు.

ఆమెను చూసి నేనూ ఒక వరస నాటాను. చలికి ఏమవుతాయోనని బాగా లోతుగా పూడ్చాను. ఆంటీ కంచె మీద నుంచి చూసి తల పట్టుకున్నారు. ఉల్లిపాయ ఆమెకు ఎర్రగడ్డ. "దుప్పటి కప్పవాకు పాపా. ఎర్రగడ్డ మంటి మీదనే కూర్చోవాల. కడుపు ఎండకు సూపియ్యాల." ఆకులు బాగా ఎదిగాక నేను ట్యూబుతో నీళ్ళు పడుతుంటే మళ్ళీ చెక్క మీద టకటక. "ఇంగ చాలు. తాగి తాగి కుళ్ళిపోతాది." ఆగస్టు వచ్చినా, గడ్డ పండితే వాలాల్సిన ఆకు వాలడం లేదని చేత్తో వంచబోతే ఇంకోసారి. "వంచవాకు. దాని పొద్దు వచ్చినపుడు అదే పండుకుంటాది." ఈ ఆఖరి మాట ఈ మధ్య నాకు గుర్తుకు రాని రోజు లేదు.

ఒకసారి ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి ఉల్లి విత్తనాలు తెచ్చుకుని, ఎంతో ఆశగా చల్లారు. నారు బాగానే వచ్చింది. జూన్లో చూస్తే గోలీకాయలంత గడ్డలు కట్టి, ఆకులు వాల్చేశాయి. ఆంటీ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఊర్లో పొద్దు ఇంత పొడుగు ఉండదు గదా. ఈడ రాత్రి తొమ్మిదైనా ఎలుతురే. దానికి కాలం అయిపోయిందనుకొని గడ్డ కట్టేసినాది. దాని తప్పేముంది పాపా, తెచ్చిన నాది తప్పు."

వాటితో పులుసు పెట్టి మాకూ ఒక డబ్బా పంపించారు. మళ్ళీ ఆ విత్తనం తేలేదు. మోకాళ్ళు సహకరించక తర్వాత ఊరికీ వెళ్ళలేదు.

కానీ ఏటా మొదటి ఉల్లిగడ్డ తవ్విన రోజు రాగి సంగటి చేసి నన్ను పిలిచేవారు. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, ఉల్లిపాయను బల్ల మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవారు. వాళ్ళమ్మ అలాగే పగలగొట్టేదట, కత్తి తగలనిచ్చేది కాదట. ఒక ముక్క కొరికి, "మా ఊరి ఘాటు లేదు" అనేవారు. ఏటా అదే మాట. ఏటా ఆ ఉల్లిపాయంతా తినేసేవారు.

తవ్వినవాటిని బట్టలారేసే స్టాండు మీద పరిచి, ముందుగదిలో ఆరబెట్టేవారు. ఆ రోజుల్లో ఆమె బట్టలు ఇల్లు వెచ్చబెట్టే రేడియేటర్ల మీద ఆరేవి. మెడ లావుగా ఉన్నవి నిలవుండవని ముందు వండేసేవారు. మిగతావాటి కోసం డ్యూటీకి వేసుకున్న పాత నల్ల టైట్స్, నడుము దాకా వచ్చే నైలాన్ మేజోళ్ళు, దాచి ఉంచేవారు. ఆ నైలాన్ కాలులో ఒక ఉల్లిపాయ వేసి ముడి, మళ్ళీ ఉల్లిపాయ, మళ్ళీ ముడి. గాలి ఆడుతుంది, ఒకటి కుళ్ళినా పక్కదానికి అంటదు. కావాలంటే కింది నుంచి ఒక్కోటీ కత్తిరించుకోవాలి. ఒక కాలు తనకు, ఒక కాలు మాకు. మా ఇంట్లో సెప్టెంబరు వచ్చిందంటే "ఆంటీ కాలు వచ్చిందా?" అని మా ఆయన వేళాకోళం. ముడి గట్టిగా ఉందని నేనంటే, "నర్సు కట్టినది ఊడితే ఇంగేముంది" అని నవ్వేవారు.

పోయిన సెప్టెంబరులో ఇచ్చిన కాలు మా వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడదీశాను. జనవరి దాకా ఏ ఆలోచనా లేకుండా కత్తిరించి వాడేశాను. ఆ తర్వాత కత్తెర తీసుకుని మళ్ళీ పెట్టేసేదాన్ని. రోజువారీ వంటకు షాపులో ఉల్లిపాయల సంచీలు కొని, ఆదివారం మాత్రం ఆంటీది ఒకటి వండేదాన్ని. అలా దాచుకోవడం ఆమెకు నచ్చదని తెలుసు. "తినాల పాపా. మొలకొస్తే నీకూ గాదు, నాకూ గాదు" అనేవారు.

ఆఖరిది మిగిలాక అసలు ముట్టుకోలేదు. ఇప్పుడు మార్చి. పక్కింటి ముందు 'ఫర్ సేల్' బోర్డు ఉంది. సెట్స్ గుచ్చాల్సిన మడిలో కలుపు మొలిచింది. పావురాలు వచ్చి కాసేపు తిరిగి వెళ్ళిపోతున్నాయి, తిట్టేవాళ్ళు లేరు. టీ పెట్టుకుంటూ ఉంటే కంచె వైపు చెవి పోతుంది. ఆంటీ, ఒక్కసారి టకటకమనండి అనిపిస్తుంది.

మొన్న తలుపు మూస్తుంటే నల్ల నైలాన్‌లోంచి పచ్చటి మొలక ఒకటి బయటికి పొడుచుకొచ్చి కనిపించింది. ముడి విప్పి తీద్దామని చూశాను. ఎంత లాగినా రాలేదు. చివరికి ముడి కింద నైలాన్ కత్తిరించి, ఉల్లిపాయ తీసి, కంచె పక్కన మట్టిలో పెట్టాను, కడుపు ఎండకు కనిపించేలా. మొలకెత్తినదాన్ని నాటితే గడ్డ ఊరదని, పువ్వొస్తుందని ఆంటీయే చెప్పారు. పువ్వే రానీ.

మేకుకు ఇప్పుడు జానెడు నల్ల గుడ్డ, దాని చివర ఆంటీ వేసిన ముడి ఉన్నాయి. వంటింటి తలుపు తీసినప్పుడల్లా ఆ ముడి చెక్కకు చిన్నగా తగులుతుంది.