చాకిరేవు మడుగులో ఈత

ఇది రాయకపోతే ఒక అబద్ధం గోడకు అట్లాగే వేలాడుతూ ఉంటుంది. మా ఊరి శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు చదివే బల్లకు ఎదురుగా అద్దం కట్టిన సర్టిఫికెట్ ఒకటి ఉంది. రెండు కిలోమీటర్ల ఈత, ఎనభై కిలోమీటర్ల సైకిల్, ఇరవై కిలోమీటర్ల పరుగు ఒకే రోజు ఆగకుండా పూర్తి చేసినందుకు అని దాని మీద రాసి, కింద నా పేరు వేశారు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ గ్రంథపాలకుడు సారు దాన్ని చూపిస్తాడు. ఈత రాని మనిషి ఇక్కడి పుస్తకం చదివి ఈత నేర్చుకున్నాడని చెబుతాడు. పుస్తకాల మీద ప్రేమ కొద్దీ నేను కూడా చాలా ఏళ్ళు ఆ మాటకు తలూపాను. తలూపిన ప్రతిసారీ నాలుక మీదికి ఒక రుచి వస్తుంది. కుళ్ళిన గుడ్డు, పులిసిన గంజి, బర్రె పేడ కలిపి నానబెట్టిన రుచి. అది నేను ఈత నేర్చుకున్న నీళ్ళ రుచి. ఆ నీళ్ళు ఎవరివో, ఈత ఎవరు నేర్పారో రాసి పెట్టాలి.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక నేత పట్నం. మరమగ్గాలను మేము సాంచెలంటాం. ఊరంతా సాంచెల చప్పుడే. మా ఇంట్లో మాత్రం సాంచెలు లేవు, నూలుకు రంగులద్దే పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో రంగు నీళ్ళ తొట్లు, నాలుగు గోలేలు. పదో తరగతి తప్పిన తర్వాత నా బతుకు పగలంతా గోలెంలో కర్ర తిప్పడం, సాయంత్రం గ్రంథాలయంలో కూర్చోవడం. చేతులు మోచేతుల దాకా ఒక వారం ఎర్రగా, ఒక వారం నల్లగా ఉండేవి. ఏ సబ్బుకూ వదిలేవి కావు. పేజీలకు మరక అంటుతుందని వేళ్ళకు పాత పత్రిక ముక్కలు చుట్టుకుని చదివేవాణ్ణి. చరిత్ర, భూగోళం, ఆరోగ్యశాస్త్రం, ఏది దొరికితే అది. ఆ గదిలో నాకన్నా ఎక్కువ పుస్తకాలు చదివినవాడు లేడని సారే అనేవాడు. ఆ మాట తిండి కన్నా రుచిగా ఉండేది.

ఎనభైల చివర ఒక క్రీడా పత్రికలో ఈ మూడు పనుల పోటీ గురించి చదివాను. సరిగ్గా ఆ రోజుల్లోనే, కరీంనగర్‌లో ఒక యువజన సంఘం వాళ్ళు మానేరు డ్యామ్ దగ్గర అలాంటిదే పెడుతున్నామని గ్రంథాలయం బోర్డుకు కాగితం అంటించి పోయారు. సైకిల్ నాకు కష్టం కాదు, వెనక నూలు మూట కట్టుకుని ఊరూరూ తిరిగినవాణ్ణి. పరుగు కూడా ఎట్లాగో ఈడ్చుకురాగలను. ఈత మాత్రం కుక్క ఈత, అదీ నాలుగు బారలు. కాగితంలో ఒక షరతు ఉంది. రెండు కిలోమీటర్లు ఈది గంటంబావులో ఒడ్డెక్కనివాణ్ణి సైకిల్ ముట్టుకోనివ్వరు. నేను పేరు ఇచ్చేశాను. సారు సంతోషం పట్టలేక వచ్చినవాళ్ళందరికీ చెప్పేశాడు. ఇక నీళ్ళలోంచే వెనక్కి పంపిస్తే ఆ గదిలోకి మళ్ళీ ఏ ముఖంతో పోతాను? అప్పటికి నాకున్న గౌరవం అంతా ఆ గదిలోనే ఉంది.

ఈత మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి బీరువాలో దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు వారాలు చదివాను. ముఖం నీళ్ళలో ఉంచాలి, పక్కకు తిప్పి గాలి పీల్చాలి, మళ్ళీ నీళ్ళలోకి వదలాలి. బొమ్మల్లో నీలం రంగు కొలను, అడుగున తెల్లటి గీతలు. షెడ్డులో నూలు బేలు మీద బోర్లా పడుకుని చేతులు ఆడించేవాణ్ణి. పక్క షెడ్డులో ఆడుతున్న సాంచెల దెబ్బలు లెక్కపెట్టి, మూడింటికి ఒకసారి తల తిప్పేవాణ్ణి.

మా దగ్గర పనిచేసే ఇద్దరిలో పెద్దవాడు రెండోవాడితో అన్నాడు: “సేటు కొడుకు బేలు మీద కరీంనగర్ పోతుండు. జర తొవ్వ ఇడువరాదే.”

“ఆగకుండ పోతడా, నడుమ చాయ్ తాగుతడా?” అన్నాడు రెండోవాడు.

బేలు మీద నేను బాగానే ఈదాను. వాగుకు పోయాక తెలిసింది నా సంగతి. మా షెడ్డుకు అర మైలు కింద, చాకిరేవు పక్కన మడుగు ఉంది. లోతున్నది అదొక్కటే. ఒడ్డున పసుపు పచ్చటి నురగ గట్టిపడి, చిట్లిన కురుపులా ఉండేది. బర్రెలు దిగి పేడ వేసి పోయేవి. అడుగున బురద కాలికి జిగురుగా తగిలి, వేళ్ళ మధ్యలోంచి పైకి వచ్చేది. ఒకసారి చచ్చిన పందికొక్కు ఉబ్బి నా భుజానికి తగిలింది. నీళ్ళు ఒక రోజు ఎర్రగా, ఒక రోజు నల్లగా, ఒక రోజు రెండూ కలిసి ఎండిన నెత్తురు రంగులో ఉండేవి. ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో మురికి నీటి పురుగుల బొమ్మలన్నీ చూసి ఉన్నాను కదా, ముఖం నీటికి జానెడు దూరం వచ్చేసరికి అవన్నీ కళ్ళ ముందు కదిలేవి. మెడ పైకెత్తి, పళ్ళు బిగించి కొట్టుకునేవాణ్ణి. పది బారలకు మెడ పట్టేసేది. వారం తిరిగేసరికి చెవిలో చీము, తొడల మీద దద్దుర్లు. చీము అవ్వ తుడిచేది; అమ్మను మేము అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం. నా ఒంటి వాసన నాకే పడేది కాదు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, రేవులో బట్టలుతికే పెద్దవ్వ చేతిలో ధోవతి అట్లాగే పట్టుకుని నన్ను చూస్తూ నిలబడింది. ఆమె మా ఇంటి బట్టలు కూడా ఉతికేది. అప్పటికి యాభై దాటి ఉంటాయి.

“ఏందిరా గది? బర్రె లెక్క మెడ ఎత్తుకొని కొట్టుకుంటున్నవ్. బర్రెకన్న కొమ్ములున్నయి, నీకేమున్నయి?”

“ఈత పెద్దవ్వా. పోటీకి.”

“మరి మూతి ముంచు. తడిస్తే అరుగుతదా?”

“ఎట్ల ముంచాలె? నీళ్ళు ఎంత గలీజున్నయో సూడు.”

ఆమె ధోవతిని బండ మీద వేసింది. “గలీజా? గా గలీజు ఎవరిదో ఎర్కేనా నీకు?”

నేను ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాను.

“ఊళ్ళె రంగు షెడ్లన్నీ అవుతలి దిక్కు. ఈ మడుగుకు ఎగువ ఉన్నది మీ షెడ్డొక్కటే. నీ చేతులు సూసుకో, నీళ్ళు సూడు. ఒక్క తీరు లేవా?”

ఆ రోజు రెండూ ఎర్రగానే ఉన్నాయి. తెలియదని రాయను. తెలుసు. గోలెం అడుగున బిరడా తీసేది నేనే. నీళ్ళు కాలువలో పడి షెడ్డు వెనక తుమ్మ చెట్లలోకి పోయేవి. అక్కడి నుంచి ఎటు పోతాయో వెంట నడిచి ఒక్కసారి కూడా చూడలేదు. ప్రపంచంలోని నదులు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

ఇంటికి పోయి బాపుతో అన్నాను: “బాపూ, పొద్దుగాల నీళ్ళు ఇడువకు. పగటీలి ఇడువు.”

“ఎందుకురా?”

“మడుగుల ఈత నేర్చుకుంటున్న. మొహం మీదికి వస్తున్నయి.”

బాపు నవ్వాడు. “గంతేనా? పోటీ అయ్యేదాంక పగటీలే ఇడుస్త తియ్యి. ఫికర్ చెయ్యకు.”

అంత సులువుగా ఒప్పుకున్నాడు. అప్పుడు నాకు ఇంకో రోజు గుర్తొచ్చింది. నాలుగైదేళ్ళ కింద పెద్దవ్వ గులాబీ రంగు తేలిన తెల్ల ధోవతుల మూట తెచ్చి మా షెడ్డు గుమ్మంలో పరిచింది. ధోవతుల వాళ్ళు తనను తిట్టారనీ, పొద్దున పూట నీళ్ళు ఆపితే చాలనీ బతిమాలింది. బాపు “రేవు మార్చుకో” అన్నాడు. నేను గోలెంలో కర్ర తిప్పుతున్నాను. ‘పెండ్లి ధోవతుల లెక్కున్నయి, ఇంకా మంచిగైనయి కదా’ అన్నాను. పనివాళ్ళు నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఆమె మూట కట్టుకుని పోయింది. మడుగులోని ఏ పురుగును తలుచుకున్నా ఆ నవ్వును తలుచుకున్నంత రోత పుట్టదు.

తెల్లారి మడుగు తేరుకుంది. పేడ, జిగురు ఎట్లాగూ ఉన్నాయి కానీ రంగు లేదు. పెద్దవ్వ వంగి నీళ్ళు చూసి నా వంక చూసింది.

“చెప్పినవా?”

“చెప్పిన.”

“నువ్వడిగితే ఆపిండు.” పాత దుప్పటిని పొడుగ్గా మెలిపెట్టి ఒక కొస నా నడుముకు, ఒక కొస తన నడుముకు కట్టింది. “ఇగ దిగు. మునుగుతే గుంజుత. మూతి లోపల పెట్టి ఊదు. మీ అవ్వ పొయ్యి ఊదినట్టు ఊదు. ఊదుడు మరిస్తే పొయ్యి ఆరుతది.”

పుస్తకంలో గాలి వదలమని ఉంది, నేను నిఘంటువులో ప్రతి మాటకూ అర్థం చూశాను. అయినా నాకు తెలిసింది ఆ పొయ్యి మాటతోనే. ముంచాను. ముక్కులోకి పోయింది, కక్కుకున్నాను, బండ పట్టుకుని పసరు బయటికి వచ్చేదాకా వాంతి చేసుకున్నాను. “ఇంక దిగు” అంది. అట్లా నలభై రోజులు. ఆమె ఒక చేత్తో బట్టలు జాడిస్తూ ఇంకో చేత్తో దుప్పటి లాగుతూ ఉండేది. “కాళ్ళు ఆడియ్యరా, మీ బాపు గోలెం కాదు గిది.” పదిహేను రోజులకు దుప్పటి విప్పింది. నలభైకి మడుగును ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా ఇరవై ఎనిమిది సార్లు తిరిగాను. రెండు కిలోమీటర్లకు లెక్క అదే.

పోటీకి రెండు రోజుల ముందు ఆమె ఆరేసిన ధోవతులు చూపించింది. మల్లెపువ్వులా ఉన్నాయి. “పోటీ అయినంక సుత ఆపుమని మీ బాపుకు జెప్పు, బిడ్డా.”

“చెప్త పెద్దవ్వా. ఒట్టు.”

డ్యామ్ నీళ్ళు చల్లగా, ఏ రుచీ లేకుండా ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ లాంటి నీళ్ళు జీవితంలో మొదటిసారి దొరికాయి. అక్కడే నాకు భయం పట్టుకుంది. సగం దూరంలో అల ఒకటి నోట్లోకి కొట్టింది. లెక్క తప్పింది. సాంచెల చప్పుడు లేదు, ఒడ్డు కనబడదు. పక్కన పడవలో ఉన్నాయన “పట్టుకుంటవా?” అని చెయ్యి చాపాడు. పట్టుకుంటే పోటీ అక్కడితో సరి. నడుము దగ్గర దుప్పటి మెలిక ఉన్నట్టే అనిపించింది. మూతి ముంచి ఊదాను. పొయ్యి ఊదినట్టు ఊదాను. గంటంబావుకు నాలుగు నిమిషాల ముందు బురదలో మోకాళ్ళ మీద పాకుతూ ఒడ్డెక్కాను. నా వెనక ఇద్దరే ఉన్నారు. సైకిల్ మీద చాలామందిని దాటాను. పరుగులో పన్నెండో కిలోమీటరు దగ్గర తాగిన నిమ్మరసమంతా చొక్కా మీద కక్కుకుని, ఆ చొక్కాతోనే చివరిదాకా పోయాను.

మరునాడు పొద్దున ఏడింటికి బాపు నల్ల గోలెం బిరడా తీశాడు. నేను షెడ్డు గుమ్మంలోనే ఉన్నాను. చుట్టూ బంధువులు, నా చేతిలో లడ్డూ. “బాపూ” అన్నాను. “ఏందిరా?” అన్నాడు ముఖమంతా నవ్వుతో. పదిమందిలో నా గురించి ఆయన అట్లా నవ్వడం అదే మొదటిసారి. “ఏం లేదు” అన్నాను. కుళ్ళిన గుడ్డు వాసన లేచింది. లడ్డూ నోట్లో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో దండ వేశారు. పుస్తకమే నా గురువని చెప్పాను, చప్పట్లు కొట్టారు. నాలుగు రోజులకు దారిలో పెద్దవ్వ ఎదురుపడింది. ఆమె వీపు మీది మూటలో బట్టలు బూడిద రంగులో ఉన్నాయి. “చెప్పినవా?” అంది. “చెప్త” అన్నాను. మళ్ళీ అడగలేదు. ఆ ఎండాకాలంలో ఆమె రేవు వదిలేసి, రెండు మైళ్ళ కిందికి నడిచి పోయి ఉతకడం మొదలుపెట్టింది. నేను ఆ మడుగులో మళ్ళీ దిగలేదు. కొన్నేళ్ళకు రంగు నూలు బయటి నుంచే వచ్చి మా షెడ్డు మూతపడింది, నీళ్ళు తేరుకున్నాయి. అందులో నా గొప్ప ఏమీ లేదు.

ఈ మధ్య ఆమె ఇంటికి పోయి, ఇదంతా రాస్తానని చెప్పాను. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు.

“రాయి. నీళ్ళు గలీజున్నయని రాయి, ఎవరు చేసిండ్రో రాయి. నువ్వు మంచిగ ఈదినవని సుత రాయి. నేర్పింది నేను గద.”

సహాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేర్లు రాయను, ఎవరికి వాళ్ళు గుర్తుపడతారు. బయటికి ఇవ్వకూడని నిఘంటువును నా చేతికిచ్చిన గ్రంథపాలకుడు సారుకు. ఈ కాగితాలను ఆ సర్టిఫికెట్ పక్కనే పెట్టమని అడిగాను, చూస్తానన్నాడు. నూలు బేలు మీద నన్ను చూసి నవ్విన ఇద్దరు పనివాళ్ళకు. చెయ్యి చాపి, నేను పట్టుకోకపోతే కోపం తెచ్చుకోని పడవాయనకు. చెవిలో చీము తుడిచిన అవ్వకు. అడగగానే నలభై రోజులు పొద్దుటి నీళ్ళు ఆపిన బాపుకు, ఇంకోసారి అడిగి ఉంటే ఆపేవాడేమో నాకు తెలియదు. దుప్పటి కొస నడుముకు కట్టుకుని నిలబడ్డ పెద్దవ్వకు.