పూసల లెక్కలో మూడు దినాలు

బావి తవ్వితే ఎన్ని బండ్ల మట్టి వస్తుందో, గోడకు ఎన్ని రాళ్లు పడతాయో మా ఊళ్లో నన్నే అడిగేవారు. బడికి పోకపోయినా లెక్క తప్పేవాణ్ని కాను.

ఐదో కాన్పులో నా భార్య చావు దాకా పోయి వచ్చింది. ఇంకొక కాన్పయితే బతకదని కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. అక్కడి నర్సమ్మ ఒక పూసల దండ ఇచ్చి, "ముట్టయిన దినం మొదలుపెట్టి దినానికొక పూస జరుపుకో. ఎర్రపూసలు వచ్చినన్ని దినాలు మొగునికి దూరంగా ఉండు" అని ఆమెకు చెప్పింది. నేను సిగ్గుపడి తలుపు బయటే నిలబడ్డాను.

ఆమె ఆ దండను దేవుని గూట్లో పెట్టింది. మా అమ్మ ఊరుకోలేదు.

"ఏమప్పా, కాపురం జేసేదానికి గూడా లెక్కలేనా? మీ నాయన ఏ పూసలు జూసినాడు?"

"నువ్వు తొమ్మిదిమందిని కంటివి. ఎంతమంది మిగిలిరత్తా?" అంది నా భార్య.

పొద్దున్నే దీపం పెట్టి ఆమె పూస జరిపేది. రంగు చూసి, ఎరుపైతే నేను అరుగు మీద పడుకునేవాణ్ని. ఒక్క దినం కూడా తప్పలేదు. అయినా ఎనిమిది నెలలకు ఆమె నెల తప్పింది.

మళ్లీ కర్నూలు పోయాం.

"దినామూ జరిపితివా?" అంది నర్సమ్మ.

"జరిపినా. బయట కూర్చున్న మూడు దినాలు మాత్రం దేవుని గూడు ఎట్ల ముట్టుకుందునమ్మా? నాలుగోనాడు తలకు పోసుకున్నాకనే మొదటి పూస."

"దాన్ని దేవుని కాడ ఎవురు పెట్టమనిరి?"

"పూసల దండను ఇంకేడ పెడతారు?"

నర్సమ్మ తల పట్టుకుంది. ప్రతి నెలా మా లెక్క మూడు దినాలు వెనకపడి, దూరంగా ఉండాల్సిన మొదటి మూడు దినాల్లో ఎర్రపూస రానేలేదు. ఆడవాళ్లు ఆ మూడు దినాలు బయట కూర్చుంటారని నర్సమ్మకు తెలుసు. దండ ఎక్కడుందో నాకు తెలుసు. మా ఇద్దరిలో ఎవరమూ ఆమెను అడగలేదు.

ఆరో కాన్పులో ఆమె పోయింది. బిడ్డా దక్కలేదు.

కర్మలు అయ్యాక అర్జీ రాయించుకుని కర్నూలు ఆరోగ్యశాఖ ఆఫీసుకు పోయాను. నెలకొకసారి ఒక నర్సమ్మ మా ఊరికి వచ్చి, ఇళ్లలో కూర్చుని, ఆడవాళ్లు చెప్పేది వినాలని అందులో కోరాను.

గుమాస్తా చదివి, "నీ ఆడమనిషి పోయె. ఇప్పుడు నీకెందుకప్పా ఇది?" అన్నాడు.

"నాకు నలుగురు ఆడబిడ్డలుండారు సారూ."

అతను అర్జీ తీసుకున్నాడు. పెద్దదాన్ని వచ్చే నెలలో కాపురానికి పంపాలి. మా ఊరికి ఇంకా ఎవరూ రాలేదు.