ఏసోబు గారి టీ

టీ గురించి ఒంటరిగా నడుపుతున్న పత్రికను ఆపేద్దామనుకుని, చివరి సంచిక కోసం హైదరాబాదు నుంచి ఒంగోలు దగ్గరి పల్లెకు వెళ్లాను. మిరపకోతల కూలీలకు చేల దగ్గరే టీ అమ్మే ఏసోబు గారు ముందురోజే ఫోన్లో రమ్మన్నారు. వెళ్లేసరికి వాకిట్లో ఆయన శవం ఉంది.

పక్కింటావిడ నాకు టీ గ్లాసు అందించింది. చావింట్లో ఏమీ ముట్టకూడదని పెరిగినవాణ్ణి, తటపటాయించాను.

"ఈ ఇంట్లో పొయ్యి వెలిగించలేదండి. మేమే కాసి తెచ్చాం. తాగండి, దూరం నుంచి వచ్చారు."

ఆయన భార్య మరియమ్మ గారు ఒక గుక్క తాగి ఏడ్చారు. "పెళ్లయిన కాణ్ణుంచి పొద్దున్నే ఆయనే కాసిచ్చేవాడండి."

ఆ టీ ఎలా ఉండేదని అడిగాను. శవపేటిక వచ్చేదాకా ఆవిడ చెబుతూనే ఉన్నారు.

ఆయన టీ నేను తాగలేదు. ఆవిడ చెప్పిందే రాశాను. ఆ తర్వాత పత్రిక ఆపబుద్ధి కాలేదు.