డ్రాయింగ్‌లో వచ్చిన 460

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో తప్పంతా నాదే.

2006లో తెనాలిలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ని. యంత్రాన్ని ముందు కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా తయారుచేస్తాం. పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి అది ఎలా కనిపిస్తుందో ఆ బొమ్మలు తీసి, కొలతలు వేసి, ఆ డ్రాయింగ్ ప్రింటును తయారుచేసే వెల్డింగ్ షెడ్డుకు ఇస్తాం. మోడల్ మారిస్తే డ్రాయింగ్‌లో కొలతలు వాటంతటవే మారతాయి. చేత్తో టైపు చేసిన కొలత మాత్రం మారదు.

దుగ్గిరాలలో పసుపు పాలిష్ చేసే డ్రమ్ములకు స్టాండ్లు కావాల్సి వచ్చాయి. డ్రమ్ము ఇరుసు తిరిగే బేరింగ్‌ను స్టాండుకు బిగించే రెండు బోల్టు బెజ్జాల మధ్య దూరం 459.6 మిల్లీమీటర్లు అని వచ్చింది. చూడ్డానికి బాగుండదని దాని మీద 460 అని టైపు చేశాను. తర్వాత బేరింగ్ మారింది. మోడల్‌లో ఆ దూరాన్ని 490 చేశాను. డ్రాయింగ్‌లో అన్నీ మారాయి, అదొక్కటి తప్ప. నేను సరిచూడలేదు.

రేపల్లెలో మస్తాన్ గారి షెడ్డులో ఆ ప్రింటు ప్రకారమే పది స్టాండ్లు తయారయ్యాయి. ఒక్కదానికీ బేరింగ్ కూర్చోలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొత్త ప్రింటు ఇచ్చినప్పుడు పాతది వెనక్కి తీసుకుని చింపేస్తాం, రెండూ కలిసిపోకుండా. సంగతి తెలియగానే రేపల్లె వెళ్లాను. పాత తేదీ వేసి, 490 అని ఉన్న ప్రింటు ఆయన చేతిలో పెట్టాను. పాతది అడిగితే అలవాటు కొద్దీ ఇచ్చేశారు. చింపేశాను.

మర్నాడు మా సార్ నాతో షెడ్డుకు వచ్చి, ఆ 490 కాగితం మస్తాన్ గారి ముందు పెట్టారు.

"ఏంటి మస్తానూ, కళ్లజోడు ఇంట్లో పెట్టి చేశావా?"

"లేదండి. కాగితంలో నాలుగొందల అరవయ్యే ఉందండి. ఈ బాబునడగండి."

"490 అనే ఇచ్చాను సార్" అన్నాను.

ఆయనకు మళ్లీ పని ఇవ్వలేదు. విన్నవాళ్లూ మానేశారు. ఏడాది తిరక్కుండా షెడ్డు మూతపడింది.

ఆ తర్వాత బాపట్ల నుంచి నీళ్ల ట్యాంకు స్టాండు పని వచ్చింది. మోడల్‌లో కాళ్ల మధ్య 1200. డ్రాయింగ్‌లో 460 అని వచ్చింది. నేను టైపు చేసింది కాదు. చెరిపి మళ్లీ కొలిచినా 460. పక్క సీటు సునీత గారి కంప్యూటర్‌లో తీసినా అంతే.

"ఏంటండీ ఇది, గీత పొడవు సరిగ్గానే ఉందిగా, అంకె ఒక్కటే తప్పు!" అన్నారావిడ.

సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయించాం. అయినా ప్రతి పనిలో ఏదో ఒక చోట ఆ అంకె వచ్చేది. ప్రింటు మీద పెన్నుతో కొట్టేసి సరైనది రాసి పంపేవాణ్ని.

చివరికి రేపల్లె వెళ్లి మస్తాన్ గారికి నిజం చెప్పాను. ఎవరి ఇంటి గేటుకో వెల్డింగ్ చేస్తున్నారు.

"నాకు చెప్తారేంటి బాబూ? నాకు తెలియందా? మీ సార్‌కి చెప్పండి."

చెబుతానన్నాను. ఉద్యోగం పోతుందని రెండేళ్లు నోరు మెదపలేదు.

2009లో మా సార్ గుండెపోటుతో పోయారు. ఆ రోజు నుంచి 460 మళ్లీ రాలేదు.

నేను చెప్పినందుకు ఆగి ఉంటే కొంత అర్థమయ్యేది. నేను చెప్పనేలేదు. చెప్పాల్సిన మనిషి లేకుండా పోయాక ఆగింది. ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు.