మా అత్త వల ముక్క

మొన్న మధ్యాహ్నం అన్నంలో పులుసు కలుపుకుంటూ ఉండగా ఫోను మోగింది. చూస్తే ఎండుచేపలు ప్యాకెట్లు కట్టి అమ్మే మా మేనల్లుడి కంపెనీ నుంచి కబురు. మైపాడులో చుట్టాలమంతా తలా కాస్త వేసి పెట్టించిన చిన్న కంపెనీ అది, ఇప్పుడిప్పుడే కండ పడుతోంది. ఇకమీద పచ్చిచేప కూడా పంపడానికి ఫ్రీజర్ బండ్లు కొనాలంట, దానికి చెన్నై పెద్దమనిషి ఒకాయన డబ్బు పెడతాడంట, ఆయన కోసం కొత్తగా షేర్లు పుట్టిస్తారంట, పాతవాళ్లం సరేనని ఫోనులోనే కింద ఉన్న గుర్తు మీద వేలు నొక్కాలంట. నా షేర్లు నా దగ్గరే ఉంటాయి గానీ, మొత్తంలో నా వంతు మాత్రం సన్నబడుతుంది. ఐదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాడికి (బడి కూడా తిరిగి నాకు దణ్ణం పెట్టిందిలెండి) ఇది ఇంత తొందరగా ఎట్టా అర్థమైందని మీకు అనుమానం రావచ్చు. ఈ పాఠం నేను ఇసకలో నేర్చుకున్నాను, మా మేనత్త దగ్గర.

నా ఈడువాళ్లకు పెద్దవల గుర్తుండే ఉంటుంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఇంటికొక ముక్క అల్లుకొని తెచ్చి, అన్నీ కలిపి కుట్టి, నడుమ చేప చేరే సంచి తగిలిస్తే అది వల. పడవలో పోయి దాన్ని నీళ్లలో వదిలి వస్తే, రెండు కొసల తాళ్లూ పట్టుకొని ఒడ్డునుంచి లాగేవాళ్లం. పడిన చేపలో ముక్కకొక పాలు, తాడు లాగిన మనిషికొక పాలు. మా అత్తకు మొగుడు పోయినాడు, పిల్లలు లేరు, తాడు పట్టే చెయ్యి ఆ ఇంట్లో లేదు. ఆయన అల్లిపెట్టి పోయిన ముక్క ఒక్కటే ఆమె బతుకు. గుడిసె ముందు కూర్చొని దాని చిరుగులు బాగుచేసుకుంటూ దారినపోయేవాళ్లనందరినీ ఏడిపించేది. నాకు ఆమె నోరే వచ్చిందని మా అమ్మ తిట్టేది, నేను దాన్ని పొగడ్త కిందే జమ వేసుకునేవాణ్ణి.

నేను తాడు పట్టిన కొత్తల్లో, మా ఒడ్డుకు కాపురం వచ్చిన నాలుగిళ్లవాళ్లు తామూ నైలాను ముక్కలు తెచ్చి కలుస్తామన్నారు. వల పొడుగైతే చేప ఎక్కువ పడుతుందని మా నాయనకు ఆశ, మిగతావాళ్లూ తలలూపినారు. నైలాను గట్టిది గనక సంచి పక్కన దాన్ని కుట్టాలి, అక్కడున్న మా అత్త ముక్క విప్పాలి. తెల్లారి ఒడ్డుకు పోయి చూస్తే ఆమె ఆ ముక్క మీదే కాళ్లు చాపుకొని, ఒళ్లో వక్కాకు సంచి పెట్టుకొని కూర్చోనుంది.

"వల పెరుగుతుంది, సరే. సముద్రమేమన్నా పెరుగుతుందా అన్నా?" అని మా నాయనను అడిగింది.

"పాలు తగ్గినా చేప పెరుగుతుంది గదమ్మా."

"పెరిగితే సంతోషమే. పెరగని రోజు నీకు తాడు పాలన్నా ఉంటుంది. నాకేముంది?"

నేను నవ్వించబోయి, "అత్తా, లెయ్యకపోతే నిన్నూ కలిపి కుట్టేస్తాం" అన్నాను.

"కుట్టరా. నాకింకో పాలొస్తుంది" అని నా నోరు మూయించింది.

ఆ పూట వల తడవలేదు. కవళ్ల చేపల మంద ఒడ్డుకు దగ్గరగా వచ్చి నీళ్లు నల్లగా కదులుతుంటే చూస్తూ నిలబడినామే గానీ, ఆమెను లేపే మొనగాడు మాలో లేడు. పొద్దు వాలేవేళకు ఆ నాలుగిళ్ల పెద్దలూ ఆమె గుమ్మం ముందుకొచ్చి కూర్చున్నారు. చేప పల్చగా పడిన రోజు ముందు ఆమె పాత వంతు తీసిపెట్టి, మిగిలిందే అందరూ పంచుకోవాలనీ, ఇకమీదట ఎవరు ముక్క కలపాలన్నా పాత ఇళ్లన్నిటికీ పోయి అడగాలనీ తెగింది. అత్త అందరికీ మజ్జిగ ఇచ్చింది. మర్నాడు తన ముక్క తానే విప్పి, నైలాను పక్కన తానే కుట్టింది. అబద్ధమెందుకు, చేప పెరిగింది. పెరగని రోజులూ వచ్చినాయి, అప్పుడూ ఆమె పొయ్యి ఆరలేదు.

అదంతా మనసులో మెదిలి మేనల్లుడికి ఫోను చేసి అత్త ప్రశ్నే అడిగినాను. "పెరిగింది మామా, ఇప్పుడు బెంగుళూరు కూడా మన సముద్రమే" అన్నాడు. తెలివైన జవాబు, మా అత్తయితే వాడికి వక్కాకు ఇచ్చి ఉండేది. సరేరా, ఆ పెద్దమనిషిని ఒకసారి ఇంటికి తీసుకురా, మజ్జిగ తాగించి వేలు నొక్కుతానన్నాను.

"ఆయన యాడొస్తాడు మామా. నువ్వొక్కడివి నొక్కకపోయినా పనైపోతుంది. మర్యాదకని పంపినా."

వాడి మాటలో పొగరేమీ లేదు, ఉన్నమాటే చెప్పినాడు. పులుసన్నం చల్లారిపోయింది. వంతు సన్నబడినందుకు నాకు బాధ లేదు, బండ్లొస్తే నాకూ నాలుగు రూపాయలు ఎక్కువే రావచ్చు. కానీ తాడు పట్టలేని ఆడమనిషి ఒకతె కాళ్లు చాపుకొని కూర్చుంటే ఊరి వలంతా ఆగిన ఒడ్డు మాది. ఇప్పుడు నేనూ అట్టాగే పోయి కూర్చుందామనుకుంటే, ఇంత పెద్ద వలలో నా ముక్క ఎక్కడ కుట్టి ఉందో కనపడటం లేదు.