చార్ట్ మీద మేం రాయని పేర్లు

ఈ రోజు మా తొమ్మిదో తరగతి లావణ్యను సంగారెడ్డిలో జరిగిన సైన్స్ ఫెయిర్‌కు తీసుకెళ్లాను. జడ్జీల ముందు ఎలా నిలబడాలో, ఎంత నవ్వాలో పది రోజులు నేనే నేర్పించాను. ప్రాజెక్టు లావణ్య వాళ్ల పొలం బావి నీళ్లే. పక్క ఫ్యాక్టరీలు వదిలిన మురుగు ఇంకి, అవి టీ డికాషన్ రంగుకు తిరిగాయి.

ఒక జడ్జి ఆ నీళ్ల సీసా ఎత్తి చూసి నవ్వాడు.

"రంగు మంచిగ కుదిరింది. ఏం కలిపినవమ్మా?"

"మేమేం కలపలే సార్. కలిపినోళ్ల పేర్లు చార్ట్ మీద రాయొద్దని మా సార్ చెప్పిండు."

హాలంతా నా వైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను.

బహుమతి రాలేదు. మార్కుల కాగితం మీద 'చెప్పే తీరు మెరుగుపడాలి' అని రాశారు. నేర్పింది నేను కాబట్టి మెరుగుపడాల్సింది నేనే.

బస్సులో ఆ పిల్ల, "నేను తప్పు చెప్పిన్నా సార్?" అంది. జేబులోని స్కెచ్ పెన్ తీసి ఇచ్చాను.

"చార్ట్ కింద జాగా ఉంది గదా. ఇగ రాయి."

రేపు ప్రార్థన వేళకు ఆ చార్ట్ బడి గోడ మీద ఉంటుంది. తీసేయమని ఎవరైనా రావచ్చు. వచ్చినవాళ్లకు ముందు తాగడానికి నీళ్లివ్వడం మా మర్యాద. సీసా నా టేబుల్ మీదే పెట్టాను. ఎన్ని గుటకలు తాగుతారంటారు?