సముద్రం అవతలి మేనత్త

ఆ రోజుల్లో మా మామిడి తోటలన్నీ అప్పటికే నూజివీడు వర్తకుల చేతుల్లోకి వెళ్ళిపోయాయి గానీ, మా నడక చూస్తే ఆ సంగతి తెలిసేది కాదు. ఆస్తి ఎకరం ఎకరంగా కరుగుతుంది. హోదా అలా కరగదు. మొత్తం అలాగే మిగులుతుంది, మోసేవాళ్ళే తగ్గిపోతారు. అమ్మానాన్నలు లేని నన్నూ, ఆ హోదానూ మా నాయనమ్మ ఒక్కతే మోసింది. ఊరికి ఆవిడ పెద్దమ్మగారు, నేను చినబాబుగారిని. (చినబాబుగారి చొక్కాకి గుండీలు ఒక్కొక్కటి ఒక్కో రంగు.)

నేను మూడో తరగతిలో ఉండగా ఒక సంస్థ వాళ్ళు మా ఊరొచ్చారు. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పేద పిల్లనో పిల్లాడినో ఎంచుకుని చదివిస్తారట; ఎంచుకోవడానికి ఫోటోలు పంపాలట. మెడలో కెమెరా వేసుకొచ్చిన ఉద్యోగికి ఊరు వెంటనే కెమెరా మాస్టారని పేరు పెట్టేసింది. ఆయన కోత కూలీల పేటలో పిల్లల్ని గోడ దగ్గర వరుసగా నిలబెట్టాడు. చిక్కు అక్కడే వచ్చింది. మా ఊళ్ళో బోరు వేసినా, బడిలో జెండా ఎగరేసినా, ముందు మా ఇంటి పిల్లాడి ఫోటో పడాలి. కోత మేస్త్రి కెమెరాకి అడ్డంగా వచ్చాడు.

"చినబాబుగారిది పడకుండా మా పిల్లలది తీసేస్తారేంటండీ? బాగుంటదా?"

"ఇది పేద పిల్లల కోసమయ్యా బాబూ!"

"అయితే మాత్రం? పద్ధతి పద్ధతేనండీ."

నన్ను పిలుచుకొచ్చారు. గోడకి వీపు ఆనకుండా నిటారుగా నిలబడి, కెమెరా వైపు కళ్ళార్పకుండా చూశాను. మా వంశంలో ఫోటోకి నవ్వినవాళ్ళు లేరు. పేచీ వదిలించుకోవడానికి మాస్టారు నొక్కిన ఆ బొమ్మ, మిగతా పిల్లల బొమ్మలతో కలిసి సముద్రం దాటిపోయింది. అక్కడెవరో ఒకావిడ అన్నింట్లోకీ నన్నే ఎంచుకుంది. నవ్వడం కూడా మరిచిపోయిన పసివాడినట.

ఆ కబురు మోసుకొచ్చిన రోజు మాస్టారి చొక్కా చెమటకి తడిసి ముద్దయింది.

"తప్పు మాదేనండీ పెద్దమ్మగారూ. ఇంకో పిల్లాణ్ణి చూపిస్తామంటే ఆవిడ ఒప్పుకోవట్లేదు. ఈ బాబే కావాలంట. చూడ్డానికి వస్తున్నారు కూడానండీ."

"మావాణ్ణి పోషించడానికా?" నాయనమ్మ గొంతు పెంచలేదు. "ఈ ఇల్లు ఒకరికి పెట్టిందే గానీ ఒకరి దగ్గర పుచ్చుకోలేదు. పోయేముందు నా చేత ఆ పని చేయిస్తారా?"

"ఆ ఒక్కపూటా బాబుని పేటలో కూర్చోబెడితే..."

"ఇక్కడికే తీసుకురండి. ఇల్లు చూస్తే ఆవిడకే తెలుస్తుంది."

రసాల కోతల్లో ఆవిడ వచ్చింది. నాయనమ్మ ఇల్లంతా తిప్పి చూపించింది. మాస్టారు వెనకే ఉన్నా, బడిలో నేర్చిన నా ఇంగ్లీషే దుబాసి. బోయీలు లేని పల్లకీ చూపించింది (అందులో కోడి పొదుగుతోంది). ఊరంతటికీ వండిన గుండిగలు చూపించింది. అన్నీ బోర్లించి ఉన్నాయి. ధాన్యం కొట్టు తలుపు తీయించింది. పైకప్పు పోవడంతో లోపల ఎండ ధారాళంగా పడుతోంది. "బస్తాలు ఇంతెత్తున ఉండేవని చెప్పరా," అంది. "బిఫోర్, బిగ్ రైస్," అన్నాను. ఆవిడ చేతిరుమాలు తీసింది. ఆవిడ కళ్ళు ఎర్రబడుతున్నకొద్దీ నాయనమ్మ అది విస్మయమనుకుని ఇంకో గది చూపించింది.

చివరికి మాస్టారు పక్కకొచ్చి ఊపిరి పీల్చుకున్నాడు. "గండం గడిచిందండీ. ఆవిడకి అనుమానమే రాలేదు."

"ఏం అనుమానం?"

"అదేనండీ... మీరు పేదవాళ్ళు కాదేమోనని."

నాయనమ్మ తల వంచుకోవడం చూడటం నాకదే మొదటిసారి. తలెత్తి, "ఆవిడకి ఇంటిదగ్గర ఎవరున్నారో అడగండి," అంది.

ఎవరూ లేరట. పెళ్ళి కాలేదట. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనట, ఒంటి గది కాపురమట.

"అన్నం తిన్నావా అని అడిగే దిక్కు కూడా లేదా?"

మాస్టారు ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఆవిడ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నాయనమ్మ లోపలికెళ్ళి, పెట్టె అడుగున మిగిలిన పట్టుచీర తెచ్చింది. ఆవిడని పీట మీద కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, గౌను మీదే చీర కప్పి, చిన్న రసం మామిడిపండు పిండి తన చేత్తో తినిపించింది. వాకిట్లోంచి తొంగిచూస్తున్న మేస్త్రి పెళ్ళాం ఉండబట్టలేకపోయింది.

"ఇదేంటండీ పెద్దమ్మగారూ, దొరసానికి చీర పెట్టారు?"

"దొరసానేంటే? మా ఇంటి ఆడపడుచు. నా కడుపున ఆడపిల్ల పుట్టలేదు. ఇవాళ్టినుంచి ఇది నా కూతురు, వీడికి మేనత్త." తరవాత మాస్టారి వైపు తిరిగింది. "ఇప్పుడు ఇవ్వమనండి, ఏమిస్తుందో. మేనత్త మేనల్లుణ్ణి చదివిస్తే దాన్ని దానమనరు."

ఆవిడకి ఇదంతా ఎంత అర్థమైందో తెలియదు. చీర మాత్రం తీయకుండానే జీపెక్కింది. పేట పిల్లల్లో చాలామందికి ఎవరో ఒకరు దొరికారు గానీ, మేనత్త దొరికింది నాకొక్కడికే. ఏటా వేసవిలో ఆడపడుచుకి పంపినట్టే మామిడితాండ్ర కట్టి పంపేవాళ్ళం. ఆవిడ నన్ను డిగ్రీ దాకా చదివించింది.

ఆవిడ పోయిందని సంస్థవాళ్ళు ఫోన్ చేసేనాటికి నాకు బెజవాడలో కొత్తగా ఉద్యోగం. నాయనమ్మ అప్పటికి లేదు కనుక మంచీ చెడ్డా ఆలోచించాల్సింది నేనే. మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాను.

"మేనత్త పోయారండీ. సెలవు కావాలి."

"అయ్యో! ఏ ఊళ్ళో?"

చెప్పాను. (ఆ ఊరి పేరు పలకడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.) ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"సొంత మేనత్తేనా?"

"నాన్నగారి అక్కగారండీ. పెళ్ళి కాలేదు. మా గోత్రమే కనుక పూర్తి మైల."

సెలవిచ్చారు. ఊరెళ్ళి, గడ్డం పెంచుకుని, ఎవరినీ తాకకుండా అరుగు మీద కూర్చుని, పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ "మాకోసం చివరిదాకా రెక్కలు ముక్కలు చేసుకుందండీ," అని గంభీరంగా చెప్పిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇవాళ నాకు నవ్వొస్తుంది. వాడు చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుందో మాత్రం ఇప్పటికీ నాకు దొరకలేదు.